పాలలో నీరు: కలపడం తేలిక, విడదీయడం కష్టం

కొత్త దంపతులను పాలూ నీళ్ళలా కలిసి ఉండమని పెద్దలు దీవిస్తారు. పాలను, నీటిని వేరు చేయగల శక్తి హంసకు ఉన్నదని చెప్పినదీ మన పెద్దలే. ఈ రెండు మాటల వెనుక ఒక శాస్త్ర విషయం ఉన్నది. పాలూ నీళ్ళూ ఎవరూ కలియబెట్టకపోయినా కలిసిపోతాయి. కలిసిన తర్వాత వాటిని వేరు చేయడం సామాన్యమైన పని కాదు. కనుకనే ఆ పనిని హంసకు అప్పగించారు.

దంపతుల విషయంలో ఈ కలయిక శుభమే. సంఘానికి వచ్చే పాల విషయంలో మాత్రం దీనివలన తగాదాలు వస్తున్నాయి. నీరు పోసినట్లు పరీక్షలో ఎట్లా తెలుస్తుంది? చుక్క నీరు పోయకపోయినా మా పాలలో ఘనపదార్థాలు ఎందుకు తగ్గాయి? ఒక్కరి పాలు బాగుండకపోతే క్యాను మొత్తం ఎందుకు విరగాలి? పాల కేంద్రం దగ్గర వినిపించే ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటనే ఉన్నది. పదార్థాలు ఒకదానితో ఒకటి ఎట్లా కలుస్తాయో తెలుసుకుంటే మూడూ అర్థమవుతాయి. అందుకే ఈసారి ఆ విషయాన్ని వివరిస్తున్నాము.

పాలలో మూడు విధాల కలయిక

గేదె పాలలో నూటికి 82, 83 పాళ్ళు నీరే. మిగిలిన భాగంలో వెన్న, మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు ఉంటాయి. ఇవన్నీ నీటిలో ఒకే విధంగా కలిసి ఉండవు.

పాలచక్కెర, లవణాలలో చాలా భాగం నీటిలో కరిగి ఉంటాయి. మజ్జిగలో వేసిన ఉప్పులాగా ఇవి కంటికి కనిపించవు, అడుగుకు దిగవు, గుడ్డతో వడగట్టినా రావు.

మాంసకృత్తులలో ముఖ్యమైన కేసీన్ కరగదు. అతి సన్నని రేణువులుగా నీటిలో తేలియాడుతూ ఉంటుంది. ఈ రేణువులన్నిటికీ ఒకే రకమైన విద్యుదావేశం ఉండటం వలన ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి. అందువలన ముద్దకట్టకుండా ఉంటాయి. పాలకు ఆ తెలుపు రావడానికి ముఖ్య కారణం ఈ రేణువులూ, వెన్న బిందువులూ వెలుగును చెదరగొట్టడమే.

వెన్న అసలు నీటితో కలవదు. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. కొవ్వు వాటి మధ్యకు పోలేదు. కనుక అది చిన్న చిన్న బిందువులుగా, ఒక్కొక్క బిందువు చుట్టూ పలుచని పొరతో ఉంటుంది. నీటికన్నా తేలిక కనుక నిలువ ఉంచిన పాలలో పైకి తేలి మీగడ కడుతుంది. కవ్వంతో చిలికినప్పుడు ఆ పొర చిట్లి బిందువులు ఒకటిగా చేరుతాయి. అదే మనం తీసే వెన్న.

దీనినుంచి సభ్యులు గ్రహించవలసినది ఒకటి ఉన్నది. చక్కెర, లవణాలు పాత్రలో ఏ మూల తీసినా ఒకే పాళ్ళలో ఉంటాయి. వెన్న అట్లా ఉండదు. కాసేపు కదలకుండా ఉన్న పాలలో పైన తీసిన శాంపిలుకు వెన్న ఎక్కువ, అడుగున తీసిన శాంపిలుకు తక్కువ వస్తుంది. పైన తీస్తే సంఘానికి నష్టం, అడుగున తీస్తే సభ్యునికి నష్టం. కనుక శాంపిలు తీయడానికి ముందు పాలను అడుగునుంచి పైదాకా బాగా కలియబెట్టవలెను. పరీక్షించేవారు మరచిపోతే గుర్తుచేసే హక్కు సభ్యునికి ఉన్నది.

కలవడం ఎందుకు తేలిక?

ఒక పళ్ళెంలో ఎడమవైపు పది మినుములు, కుడివైపు పది పెసలు పేర్చి నాలుగుసార్లు కుదపండి. రెండూ కలిసిపోతాయి. ఇంకా ఎన్నిసార్లు కుదిపినా మినుములన్నీ మళ్ళీ ఎడమవైపుకు చేరవు. కారణం లెక్కలో ఉన్నది. ఇరవై స్థానాలలో పది మినుములను 1,84,756 రకాలుగా అమర్చవచ్చును. అందులో అన్నీ ఎడమవైపే ఉండే అమరిక ఒకే ఒక్కటి. కుదిపినప్పుడు ఏ అమరికైనా రావచ్చును గాని, కలగాపులగంగా ఉండే అమరికలే లక్షల్లో ఉన్నాయి కనుక వాటిలో ఒకటి వస్తుంది.

ఇరవై గింజలకే ఇట్లా ఉంటే ద్రవాల సంగతి చెప్పనక్కరలేదు. ఒక చెంచా నీటిలో ఉండే అణువుల సంఖ్య, ఒకటి ప్రక్కన 23 సున్నాలు పెట్టిన సంఖ్యకన్నా ఎక్కువ. అవి క్షణం నిలువకుండా కదులుతూనే ఉంటాయి. పాలలో పోసిన నీరు ఆ కదలిక వల్లనే అంతటా పరుచుకుంటుంది. తిరిగి ఒకవైపుకు చేరడం ఎన్ని యుగాలైనా జరగదు.

ఇట్లా పరుచుకొనే గుణాన్ని కొలిచే రాశికి 1865లో జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాసియస్ ఎంట్రోపీ అని పేరు పెట్టారు. దానికి అమరికల లెక్కతో సంబంధం ఉన్నదని 1877లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బోల్ట్‌జ్‌మన్ చూపారు. తనంత తానుగా జరిగే ప్రతి మార్పులోనూ మొత్తం మీద ఎంట్రోపీ పెరుగుతుందే గాని తగ్గదు. కలిసినదానిని తిరిగి విడదీయాలంటే బయటినుంచి శక్తి ఖర్చు పెట్టవలసిందే.

విడదీయడానికి అయ్యే ఖర్చు

వెన్నను విడదీయడానికి ఖర్చు తక్కువ. అది నిజంగా కలిసినది కాదు గదా! 1878లో స్వీడన్ దేశస్థుడు గుస్తాఫ్ డి లావల్ తయారుచేసిన సెపరేటరులో పాలను వేగంగా తిప్పితే బరువైన పాలు అంచుకు, తేలికైన మీగడ మధ్యకు చేరుతాయి. కాని పాలలో పోసిన నీరు అట్లా బయటికి రాదు. ఎంత వేగంగా తిప్పినా, ఎంతసేపు తిప్పినా రాదు.

నీటిని తీయడానికి ఫ్యాక్టరీలో దానిని ఆవిరి చేయవలసి ఉంటుంది. ఒక కిలో నీటిని 30 డిగ్రీలనుంచి 100 డిగ్రీలదాకా కాచడానికి 70 కిలోకేలరీలు సరిపోతాయి. ఆ కాగిన నీటిని ఆవిరి చేయడానికి మరి 540 కిలోకేలరీలు కావాలి. పాలు ఎక్కువగా వచ్చే నెలల్లో మిగిలిన పాలను పొడిగా మార్చుతారు. ఒక కిలో వెన్నలేని పాలపొడికి సుమారు 11 లీటర్ల వెన్న తీసిన పాలు కావాలి. అంటే సుమారు పది కిలోల నీటిని తొలగించాలి. తక్కువ ఒత్తిడిలో మరిగించి, ఒకసారి వచ్చిన ఆవిరినే మళ్ళీ మళ్ళీ వాడి ఈ ఖర్చును తగ్గిస్తారు. అయినా ఖర్చు ఖర్చే. ఊళ్ళో చెంబుతో ఊరికే పోసిన నీటిని అక్కడ బొగ్గో, నూనో, కరెంటో పెట్టి తీయవలసి వస్తుంది.

నీరు పోస్తే ఎవరికి లాభం?

ఒక సభ్యుడు 5 కిలోల పాలు తెచ్చాడనుకుందాం. వెన్న 7 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు, అంటే ఎస్.ఎన్.ఎఫ్., 9.2 శాతం. లెక్క వేస్తే 350 గ్రాముల వెన్న, 460 గ్రాముల ఘనపదార్థాలు. ఆ పాలలో అర కిలో నీరు పోస్తే తూకం ఐదున్నర కిలోలవుతుంది. వెన్న 6.36 శాతానికి, ఎస్.ఎన్.ఎఫ్. 8.36 శాతానికి పడిపోతాయి. ఐదున్నర కిలోలను ఈ శాతాలతో గుణించి చూడండి. మళ్ళీ అదే 350 గ్రాములు, అదే 460 గ్రాములు! వెన్నకు, ఘనపదార్థాలకు లెక్కగట్టి ధర ఇచ్చే సంఘంలో నీటికి ఒక్క పైసా రాదు. పైగా ఎస్.ఎన్.ఎఫ్. నిర్ణీత శాతానికి దిగువకు పోతే కోత పడుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. ఆ అర కిలో నీటికి కూడా క్యానులో చోటు కావాలి, లారీలో కిరాయి కావాలి, చల్లబరచడానికి కరెంటు కావాలి. ఈ ఖర్చంతా యూనియన్ లెక్కలో పడి, సంవత్సరం చివర అందరికీ పంచే బోనసులో తరుగుతుంది. పోసినవారు ఒకరు, చెల్లించేవారు అందరూ.

లాక్టోమీటరు చెప్పేది, చెప్పలేనిది

లీటరు నీరు 1000 గ్రాములు తూగితే లీటరు పాలు 1028 నుంచి 1034 గ్రాముల దాకా తూగుతాయి. లాక్టోమీటరు రీడింగు 30 అంటే లీటరు 1030 గ్రాములన్నమాట. పది లీటర్ల పాలకు ఒక లీటరు నీరు కలిపితే ఈ 30 సుమారు 27కు దిగుతుంది.

అయితే వెన్న నీటికన్నా తేలిక, మిగిలిన ఘనపదార్థాలు నీటికన్నా బరువు. మీగడ తీస్తే రీడింగు పెరుగుతుంది, నీరు పోస్తే తగ్గుతుంది. రెండూ చేసిన పాలలో లాక్టోమీటరు అమాయకంగా 30 దగ్గరే నిలబడవచ్చును. అందుకే రీడింగుతోపాటు వెన్న శాతం కూడా చూచి ఎస్.ఎన్.ఎఫ్. లెక్కగడతారు. మరొక జాగ్రత్త ఏమంటే, వెచ్చని పాలలో రీడింగు తక్కువ చూపుతుంది. అప్పుడే పితికిన, నురుగు తీరని పాలలో లాక్టోమీటరు వేసి నిర్ణయం చేయరాదు. ఉష్ణోగ్రత చూచి సవరణ చేయవలెను.

వెన్న పరీక్షలో పుట్టే వేడి

నీరు పాలలో కలిసినప్పుడు చేతికి తెలిసేంత వేడి పుట్టదు. అన్ని కలయికలూ ఇట్లా ఉండవు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు గెర్బర్ 1890 దశకం తొలినాళ్ళలో రూపొందించిన వెన్న పరీక్ష ఇందుకు ఉదాహరణ. బ్యూటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానిపై 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి కుదుపుతారు. వెంటనే గొట్టం చేయి కాలేటంత వేడెక్కుతుంది. ఆమ్లానికి, పాలలోని నీటికి మధ్య ఆకర్షణ అంత బలమైనది. అవి దగ్గరైనప్పుడు మిగిలిన శక్తి వేడిగా బయటపడుతుంది. ఆ వేడీ, ఆమ్లమూ కలిసి మాంసకృత్తులను కరిగించి వెన్నను విడుదల చేస్తాయి.

ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చిన తర్వాత కూడా, వాటిని సరిచూచుకోవడానికి ఈ పరీక్షను వాడుతున్నారు. కనుక పరీక్షకులు రెండు సంగతులు మరువరాదు. పాలను గొట్టం గోడ వెంబడి నెమ్మదిగా పోయవలెను, లేకపోతే ఆమ్లం చిమ్ముతుంది. ఆమ్లాన్ని పలుచన చేయవలసి వస్తే నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయవలెనే గాని ఆమ్లంలోకి నీటిని ఎన్నడూ పోయరాదు.

నీరు గేదెదా, బిందెదా?

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. మేత చాలని వేసవిలోనో, జబ్బు చేసినప్పుడో గేదె ఇచ్చే పాలలోనే ఎస్.ఎన్.ఎఫ్. తగ్గవచ్చును. లాక్టోమీటరుకు ఆ పాలూ, నీరు పోసిన పాలూ ఒక్కలాగే కనిపిస్తాయి. నిజాయితీగల సభ్యునికి ఇది ఎంత అవమానమో మాకు తెలుసు. ఇటువంటి చోట ఉపకరించేది పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత.

స్వచ్ఛమైన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. అందులో ఏది కరిగినా గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చల్లదనం కావాలి. ఎంత కరిగితే ఎంత తగ్గుతుందో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు రౌల్ 1882లో లెక్క చూపారు. పాలలో కరిగి ఉన్న పాలచక్కెర, లవణాల వలన అవి సున్నాకు దిగువన సుమారు అర డిగ్రీ వద్ద, అంటే 0.52 నుంచి 0.55 డిగ్రీల దిగువన గడ్డకడతాయి. ఒక శాంపిలు 0.54 వద్ద గడ్డకడుతున్నదనుకుంటే, పదింట ఒక వంతు నీరు పోసినప్పుడు అది సుమారు 0.49కి వస్తుంది. 1921లో అమెరికా రసాయనవేత్త హోర్ట్‌వెట్ ఈ తేడాను కొలిచే పరికరాన్ని, పద్ధతిని ప్రకటించారు.

ఇక్కడ ప్రకృతి చేసిన ఏర్పాటును మెచ్చుకోవలసిందే. పొదుగులో రక్తానికీ పాలకూ మధ్య పలుచని పొర ఉంటుంది. నీరు ఆ పొరగుండా అటూ ఇటూ పోగలదు. పాలలో కరిగిన పదార్థం ఎక్కువైతే రక్తంనుంచి నీరు వచ్చి సరిచేస్తుంది. పొదుగువాపు వ్యాధిలో పాలచక్కెర తగ్గితే రక్తంనుంచి ఉప్పు వచ్చి ఆ లోటు పూడుస్తుంది. కనుక వెన్న, మాంసకృత్తులు మారినంతగా ఈ గడ్డకట్టే ఉష్ణోగ్రత మారదు. గేదె మేతనుబట్టి పలుచని పాలు ఇవ్వవచ్చును గాని, తన రక్తంతో తూకం తప్పిన పాలు ఇవ్వలేదు. బిందె నీటికి ఆ కట్టుబాటు లేదు.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాము. పాల కేంద్రాలలో వాడే అనేక ఎనలైజర్లు పాలను గడ్డకట్టించి చూడవు. ఎస్.ఎన్.ఎఫ్. మొదలైన అంకెలనుంచి లెక్కగట్టి, కలిపిన నీరు ఇంత శాతమని తెరమీద చూపుతాయి. ఎస్.ఎన్.ఎఫ్. సహజంగానే తక్కువగా ఉన్న పాలకు కూడా అది నీరు కలిసినట్లు చూపవచ్చును. కనుక ఆ అంకె ఒక్కటే చూచి సభ్యుని తప్పుపట్టరాదు. సంఘం మనుషుల ఎదుట ఆ గేదెను పూర్తిగా పితికించి, ఆ పాలను పరీక్షించి, ముందు తెచ్చిన పాలతో పోల్చవలెను. అప్పటికీ సందేహం తీరకపోతే శాంపిలును క్రయోస్కోపు ఉన్న ప్రయోగశాలకు పంపవలెను. ఉప్పు, చక్కెర, యూరియా వంటివి వేసి రీడింగును దాచాలని చూచేవారికి వేరే పరీక్షలు ఉన్నాయి.

వెచ్చని పాలు, చల్లని పాలు

పదార్థాలవలెనే వేడి కూడా పరుచుకొనే స్వభావం కలది. కూలరులో 4 డిగ్రీల వద్ద 300 లీటర్ల ఉదయం పాలు ఉన్నాయి. సాయంత్రం 34 డిగ్రీల పాలు 100 లీటర్లు ఒక్కసారిగా పోశారు. 300ను 4తో, 100ను 34తో గుణించి, కూడి, 400తో భాగిస్తే పదకొండున్నర డిగ్రీలు వస్తుంది. ఉదయంనుంచి కరెంటు ఖర్చు పెట్టి చల్లగా ఉంచిన పాలు క్షణంలో వేడెక్కాయి. ఈ కలయిక ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటకుండా చూడటం మంచి పద్ధతి. అందుకు వెచ్చని పాలను కొద్దికొద్దిగా పోస్తూ, కలియబెట్టే యంత్రాన్ని నడుపుతూ ఉండవలెను.

కూలరు లేనిచోట కొందరు మంచుగడ్డను పాలలోనే వేస్తారు. ఒక కిలో మంచు కరిగేటప్పుడు 80 కిలోకేలరీల వేడిని పీల్చుకుంటుంది. పది లీటర్ల పాలను సుమారు ఎనిమిది డిగ్రీలు చల్లబరచడానికి ఇది చాలు. కాని పని అయిన తర్వాత ఆ కిలో నీరు పాలలోనే మిగులుతుంది. ఆ నీరు ఎక్కడిదో, అందులో ఏ క్రిములు ఉన్నవో తెలియదు. మంచు చేసే మేలంతా దానిని క్యాను బయట పెట్టినప్పుడు కూడా దొరుకుతుంది. మంచునీళ్ళ తొట్టిలో క్యాను పెట్టి, లోపలి పాలను మధ్య మధ్య కలియబెట్టితే చాలు.

ఒక చెంబు పులిసిన పాలు

చివరి ప్రశ్న క్యాను విరగడం గురించి. వెన్న, వేడి, నీరు సగటుకు వచ్చి ఆగిపోతాయి. క్రిములు ఆగవు. ముప్పయి అయిదు లీటర్ల మంచి పాలలో అయిదు లీటర్ల పులుపెక్కిన పాలు పోస్తే, ఆ క్షణానికి క్రిములు ఎనిమిదో వంతుకు పలుచబడిన మాట నిజమే. కాని వెచ్చని వాతావరణంలో అవి అరగంటకు రెట్టింపు అవుతున్నాయనుకుంటే, గంటన్నరలో ఎనిమిది రెట్లవుతాయి. అయిదు లీటర్ల పాలలో ఉన్న చిక్కదనం ఇప్పుడు నలభై లీటర్లకూ వచ్చినట్లే. మూడు గంటలలో 64 రెట్లు!

అవి తయారుచేసే ఆమ్లం కేసీన్ రేణువుల మీది విద్యుదావేశాన్ని పోగొడుతుంది. అంతదాకా ఒకదానినొకటి నెట్టుకుంటున్న రేణువులు దగ్గరకు చేరి ముద్దకడతాయి. పచ్చిగా బాగున్నట్లు కనిపించిన పాలు పొయ్యిమీద పెట్టగానే విరగడం ఇందువల్లనే. కేంద్రంలో చెంచాడు పాలను కాచి చూచే పరీక్ష ఇందుకోసమే పెట్టారు. నాలుగిళ్ళవారు జాగ్రత్తగా తెచ్చిన పాలను అయిదో ఇంటి పాలు పాడుచేయకుండా కాపాడేది ఆ చెంచాడు పాలే. కనుక దానిని అవమానంగా భావించరాదు.

సభ్యులు, సంఘ సిబ్బంది గుర్తుంచుకోవలసినవి

1. రాత్రి మిగిలిన పాలను ఉదయం పాలతో కలపరాదు. విడిగా తెచ్చి ఆ మాట చెప్పవలెను.

2. గిన్నె, క్యాను కడిగిన తర్వాత బోర్లించి నీరు పూర్తిగా ఓడ్చవలెను. అడుగున మిగిలిన గ్లాసెడు నీరు కూడా నీరే.

3. శాంపిలు తీసేముందు పాలను అడుగునుంచి కలియబెట్టవలెను.

4. మంచును పాలలో వేయరాదు. క్యాను చుట్టూ వేయవలెను.

5. వేసవిలో ఎస్.ఎన్.ఎఫ్. తగ్గితే పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాల మిశ్రమం సరిగా అందుతున్నవో లేదో చూచుకొనవలెను. పొదుగువాపు అనుమానం ఉంటే పశువైద్యునికి చూపవలెను.

6. పరీక్ష ఫలితంపై సందేహం ఉన్న సభ్యుడు తన ఎదుట మళ్ళీ పరీక్ష చేయమని కోరవచ్చును. సంఘం కాదనరాదు.

సహకార సంఘంలో ఒక్కొక్కరి పాలు క్యానులో పడేదాకానే ఒక్కొక్కరివి. పడిన తర్వాత ఎవరి పాలు ఎవరివో తేల్చడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. చేయవలసిన జాగ్రత్తలన్నీ కలపకముందే చేయవలెను.